ఏఐ ఉంటే లైనక్స్ నేర్చుకోనక్కర్లేదా?

బీటెక్ పిల్లలున్న ఇళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది. గూగుల్‌లో కొత్త కోడ్‌లో పాతిక శాతం ఏఐయే రాస్తోందట. దానితో పని 55 శాతం వేగంగా అవుతుందట. సర్వర్లనూ అదే చూసుకుంటుందట. కాబట్టి అమీర్‌పేట వెళ్లి కోడింగ్, చాలా సర్వర్లను నడిపే లైనక్స్ నేర్చుకోవడం డబ్బు దండగట. ఏఐ నేనూ రోజూ వాడతాను, మానే ఉద్దేశం లేదు. నా పేచీ ఈ లెక్కలతోనే.

2024 అక్టోబరులో సుందర్ పిచాయ్ ఆ పాతిక శాతం మాట అన్నది నిజమే. అదే వాక్యంలో, ఆ కోడ్‌ను ఇంజినీర్లు పరిశీలించి ఆమోదిస్తారని కూడా అన్నారు. ఫార్వర్డ్‌లో ఆ సగం ఎగిరిపోయింది. కోడ్ చదవడం రానివాళ్లు దేన్ని పరిశీలిస్తారు?

55 శాతం లెక్క, కోడ్ రాయడంలో సాయపడే గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ మీద చేసిన ప్రయోగంలోది. జావాస్క్రిప్ట్‌లో చిన్న వెబ్ సర్వర్ రాయమన్నారు. కోపైలట్ ఉన్నవాళ్లకు సగటున గంటా 11 నిమిషాలు, లేనివాళ్లకు 2 గంటల 41 నిమిషాలు పట్టింది. బాగానే ఉంది, కానీ ఉద్యోగంలో మనకు దొరికేది ఎవరో రాసి వెళ్లిపోయిన పాత కోడ్. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవమున్న ఓపెన్ సోర్స్ డెవలపర్లతో, వాళ్లకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించి చూసింది. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. తమాషా ఏంటంటే, అంతా అయ్యాక కూడా 20 శాతం ఆదా అయిందనే వాళ్లు అనుకున్నారు! పదహారు మందిని చూసి లోకం మొత్తానికీ తీర్పు చెప్పలేం, నిజమే. ఆ 55కీ అదే వర్తిస్తుంది.

సర్వర్ల దగ్గర ఇబ్బంది వేరు. అక్కడ తప్పు తప్పులా కనిపించదు. ప్రతి నెలా మొదటి సోమవారం తెల్లవారుజామున 2 గంటలకు ఒక స్క్రిప్ట్ (ఆదేశాల జాబితా) నడవాలని, పనులను వేళకు నడిపే క్రాన్ కోసం ఏఐని ఒక లైన్ అడిగారనుకోండి. 0 2 1-7 * 1 అని రావచ్చు. చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది: 1 నుంచి 7వ తేదీ లోపు, సోమవారం. కానీ లైనక్స్‌లో మామూలుగా వాడే క్రాన్‌కు ఇలా తేదీ, వారంలో రోజు రెండూ ఇస్తే, రెండూ కలిసే దాకా ఆగదు. ఏ ఒక్కటి కుదిరినా నడిపేస్తుంది. అంటే మొదటి ఏడు రోజులూ నడుస్తుంది, ఆపైన ప్రతి సోమవారమూ నడుస్తుంది. అది బ్యాకప్ అయితే డిస్క్ నిండుతుంది. పాత రికార్డులు చెరిపే స్క్రిప్ట్ అయితే? ఎర్రర్ మాత్రం రాదు. మాన్యువల్‌లో ఆ సంగతి చదివినవాళ్లకే అనుమానం వస్తుంది.

ఇక సొంతంగా పనులు చేసేసే ఏఐ ఏజెంట్లకే తాళాలిస్తే ఏమవుతుందో 2025 జులైలో చూశాం. ఏమీ మార్చొద్దని చెప్పినా వినకుండా, రెప్లిట్ అనే కోడింగ్ వేదిక ఏజెంట్, జేసన్ లెమ్‌కిన్ అనే వ్యాపారవేత్త ప్రొడక్షన్ (అసలు వాడకంలో ఉన్న) డేటాబేస్‌ను చెరిపేసింది. పైగా వెనక్కి తేవడం కుదరదని చెప్పింది. ఆయన ప్రయత్నిస్తే కుదిరింది.

నేనైతే లాగ్‌లలో (సర్వర్ రాసుకునే నమోదుల్లో) లోపం వెతకడం, అర్థంకాని షెల్ స్క్రిప్ట్‌ను విడమరిచి చెప్పించుకోవడం లాంటివి ఏఐకి అప్పగిస్తాను. అవి నిజంగా బాగా చేస్తుంది. ప్రొడక్షన్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వను.