అది మా లేయర్ కాదు అంకుల్

బెంగళూరు మహానగరం పరువుకు సంబంధించిన విషయం కాబట్టి దాచుకోలేక రాస్తున్నాను. మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో, 2005లో కొన్న కంప్యూటర్ పదిహేను రోజులుగా లేవడం లేదు.

ఇరవై ఏళ్లు దాటిన పెట్టెను తూకానికి వేసెయ్యక ఈ గోలేమిటని మీరు అడగొచ్చు. మా అమ్మాయి జాతకం అందులో ఉంది. సంబంధం వచ్చింది, మగపెళ్లివారు జాతకం పంపమన్నారు. కొత్తగా వేయిద్దామంటే పుట్టిన టైము కావాలి. తెల్లవారుజాము నాలుగూ నలభై అని నేను, అయిదూ పది అని మా ఆవిడ. కన్నది నేను అని ఆవిడ. గడియారం చూసింది నేను అని నేను. మా మామగారు చెబుతుంటే అప్పట్లో నేనే టైపు చేసిన ఆ ఫైలు తప్ప ఈ తగువు తీర్చే నాథుడు లేడు.

లక్షణాలు ఇవీ. స్విచ్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, మానిటర్ మాత్రం అమావాస్య. లోపల్నుంచి పొడుగాటి బీప్, కాస్త ఆగి మళ్లీ అదే బీప్. బూట్ అనే మాట బూట్‌స్ట్రాప్ నుంచి వచ్చిందట. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని పైకి లేవడం అన్నమాట. మన భాషలో చెప్పాలంటే తన భుజం తానే ఎక్కడం. ఇన్నేళ్లు రోజూ తన భుజం తానెక్కినది ఇప్పుడు ఎక్కలేకపోతే తిట్టడానికి నాకు నోరు రాలేదు.

పైగా భయం దేనికి? మా అపార్ట్‌మెంట్‌లో రాయి విసిరితే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కు తగులుతుంది, తప్పితే అతని రూమ్మేట్‌కు తగులుతుంది. అందరూ మనవాళ్లే. ముందుగా 304 కుర్రాడు వచ్చాడు. అమెరికాలో ఎవరివో వెయ్యి సర్వర్లు రాత్రిళ్లు ఇతని కనుసన్నల్లో నడుస్తాయట. పెట్టె చుట్టూ ప్రదక్షిణ చేసి, "లాగ్స్ ఉన్నాయా అంకుల్?" అన్నాడు. యంత్రం తనకేమైందో తానే రాసుకునే చిట్టా అన్నమాట. బీప్ తప్ప ఇంకేం లేవన్నాను. "ఇది హార్డ్‌వేర్. మా లేయర్ కాదు అంకుల్" అని, అంటే తన వాటా పని కాదని, వెళ్లిపోయాడు. రెండో అబ్బాయి క్లౌడ్. ఇవన్నీ క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉండే కంప్యూటర్లలో పెట్టుకోవాలని గట్టిగా మందలించాడు. 2005లో ఆకాశంలో మబ్బులుండేవి గానీ మా ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు నాయనా అన్నాను. మూడో ఆయన మేనేజర్. పెట్టె వంక చూడనైనా చూడలేదు, బుధవారం అందరం కలిసి ఒక కాల్ పెట్టుకుందామన్నాడు. బెల్లందూరులో పనిచేసే మా అమ్మాయి మాత్రం, "నాన్నా, కొత్త లాప్‌టాప్ కొనిస్తాను, వదిలెయ్" అంది. పెళ్లీడు పిల్లకు తన జాతకం మీద ఆ మాత్రం నిర్లక్ష్యం సహజమే.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని టౌన్‌హాల్ దగ్గరి ఎస్పీ రోడ్‌కు తీసుకెళ్లాను. ఒక షాపాయన మూత విప్పకుండా, ప్లగ్ పెట్టకుండా, తల కూడా ఎత్తకుండా, "బోర్డ్ హోగిదె సార్" అన్నాడు, బోర్డు పోయిందని కన్నడంలో. నాడి పట్టకుండా రోగం చెప్పే వైద్యులు అంతరించిపోయారనుకున్నాను.

చివరికి మా బావమరిదికి ఫోన్ చేశాం. హిందూపురంలో మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు తప్ప వేరే యంత్రంతో అతనికి బంధుత్వం లేదు. "ఫోన్ దాని పక్కన పెట్టి స్విచ్ వెయ్యండి బావా" అన్నాడు. అరనిమిషం విన్నాడు. "పొడుగ్గా, ఆగి ఆగి కూస్తోంది. ర్యామ్, అదే దాని జ్ఞాపకశక్తి ముక్క, అందట్లేదు దానికి. ప్లగ్ పీకి, ర్యామ్ బయటికి తీసి, బంగారు రంగు పళ్లున్న వైపు పిల్లల రబ్బరు పెట్టి రుద్దండి."

మూత తీశాను. ఏటా ఆయుధపూజకు మా ఆవిడ పెట్టిన పసుపూ కుంకుమా గాలి రంధ్రాల్లోంచి జారి బోర్డు మీద సన్నని ఎర్రమట్టిలా పేరుకున్నాయి. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దుప్పటి. ఒక మూల బొద్దింక, చాలా పాత మరణం. ర్యామ్ ముక్క ఊడదీసి రుద్దితే రబ్బరు నల్లబడింది, పళ్లు మెరిశాయి. మళ్లీ టక్కుమనేదాకా నొక్కి స్విచ్ వేశాను. ఒకే ఒక్క పొట్టి బీప్. తెర మీద అక్షరాలు. మా ఆవిడ దండం పెట్టింది, నాకు కాదు.

ఆ అక్షరాల సారాంశం: బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోయింది, తేదీ మర్చిపోయాను, సెట్టింగ్స్ అన్నీ మర్చిపోయాను. రూపాయి బిళ్లలాంటి ఆ బ్యాటరీ పేరు సీఆర్ 2032. పేరులోనే కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. ఇచ్చేది 3 వోల్టులు. అది పోవడంతో మా కంప్యూటర్ నేరుగా 2005 జనవరి 1కి వెళ్లి కూర్చుంది. దాని లెక్కలో ఆంధ్రప్రదేశ్ ఒక్కటే రాష్ట్రం. బెంగళూరు ఇంకా బ్యాంగ్లూరే, విమానం ఎక్కాలంటే హెచ్ఏఎల్‌కే వెళ్లాలి, మెట్రో ఇంకా రాలేదు. 2014 ఏప్రిల్ 8న సపోర్ట్ ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీకి ఇంకా తొమ్మిదేళ్ల ఆయుష్షుంది. దాన్ని ఈ కాలంలోకి లాక్కురావడం నిజంగా అవసరమా అని ఒక్క క్షణం ఆలోచించాను. తర్వాత బరువు చూసుకునే మిషన్‌లోంచి అదే రకం బ్యాటరీ పీకి దీనికి వేశాను. ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఎవరూ లావెక్కలేదు.

కష్టాలు తీరాయా? లేదు. ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్ అని నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. విండోస్‌ను నిద్ర లేపే ఫైలు తప్పిపోయిందని అర్థం. తప్పిపోయినవాడి ఫొటో లేదు, వయసు లేదు, ఒంటి మీద చొక్కా రంగైనా చెప్పలేదు. 304 కుర్రాడు గుమ్మంలోంచే, ఫార్మాట్ కొట్టేయండి అంకుల్ అన్నాడు. కొట్టేస్తే జాతకమూ పోతుంది బాబూ! మళ్లీ హిందూపురం. "ఫ్లాపీ డ్రైవ్‌లో ఏమన్నా ఉందా చూడండి బావా."

ఉంది. 1.44 ఎంబీ మాత్రమే పట్టే పాతకాలపు డిస్కు, అదే ఫ్లాపీ, లేబుల్ మీద నా దస్తూరీలో "రెజ్యూమె ఫైనల్ 3". ఏ ఉద్యోగం కోసమో, ఎన్నేళ్ల కిందటో. ముందు హార్డ్ డిస్క్ చూడు అని నేను పెట్టిన సెట్టింగ్ బ్యాటరీతోపాటు పోయింది కదా, పెట్టె పాత అలవాటు ప్రకారం ముందు ఫ్లాపీ తలుపు కొడుతోంది. అక్కడ నా రెజ్యూమె తప్ప విండోస్ లేదు. ఆ రెజ్యూమె వల్ల ఏ పనీ జరగకపోవడం ఇది మొదటిసారి కాదు. ఫ్లాపీ లాగేశాను. నీలాకాశం, పచ్చ గుట్ట, ఎక్స్‌పీ లేచింది.

ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి అమ్మాయి లాప్‌టాప్‌లో తెరిచాం. జాతకం స్థానంలో చుక్కలు, గీతలు, అరబ్బీకీ జర్మన్‌కీ పుట్టినట్టున్న లిపి. అప్పట్లో డీటీపీ సెంటర్ల నుంచి తెచ్చుకున్న ఫాంటుతో టైపు చేశాను, అది యూనికోడ్, అంటే ఇప్పుడు అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే ఉమ్మడి పద్ధతి, కాదు. ఆ ఫాంటు లేనిచోట తెలుగు తెలుగులా కనిపించదు. వధువు నక్షత్రం దగ్గర డాలర్ గుర్తు ఉంది. అమెరికా సంబంధమైతే అలాగే పంపేవాళ్లం.

దాంతో మళ్లీ పాత పెట్టె ముందే కూర్చుని, తెరను ఫోన్‌తో ఫొటో తీశాం. పాత టీవీలాంటి డబ్బా మానిటర్ కదా, ఫొటోకో నల్లచార వస్తుంది. అయిదో ఫొటోలో చార కిందికి జరిగి పుట్టిన సమయం బయటపడింది. మా ఆవిడా నేనూ తలలు ఆనించి చదివాం. తెల్లవారుజాము 4 గంటల 55 నిమిషాలు.

నాలుగూ నలభైకీ, అయిదూ పదికీ సరిగ్గా నడుమ.

"మా నాన్న ఎప్పుడూ ఇంతే" అంది ఆవిడ.