సవరణ: డబ్బు ప్రోత్సాహకం, హెచ్‌ఐవీ మందులు

మత్తుపదార్థాలు వాడే హెచ్‌ఐవీ బాధితులకు డబ్బు ప్రోత్సాహకం ఇస్తే వైరస్ అదుపులోకి వస్తుందని అమెరికాలోని ‘ప్రాజెక్ట్ హోప్’ అనే అధ్యయనం తేల్చినట్టు ఇదివరకటి పోస్టులో ఉంది. ఆ వాక్యాన్ని ఇలా చదువుకోవాలి: ఆరు నెలలకు తేడా కనిపించింది, ఏడాదికి నిలవలేదు.

2016లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో 11 ఆసుపత్రుల్లో చేరిన 801 మంది పాల్గొన్నారు. కొందరికి మామూలు వైద్యమే అందింది. కొందరికి అపాయింట్‌మెంట్లు, కాగితాల పనులు చూసిపెట్టే సహాయకుడు తోడయ్యాడు. మూడో వర్గానికి సహాయకుడితో పాటు డబ్బు కూడా ఇచ్చారు. ఆరు నెలలప్పుడు ఈ మూడో వర్గంలో సుమారు 46 శాతం మందికి వైరస్ అదుపులో ఉంది, మామూలు వైద్యం పొందినవారిలో 35 శాతానికే. కానీ అసలు లెక్క 12 నెలల దగ్గర తీయాలని ముందే అనుకున్నారు. అప్పటికి చెప్పుకోదగ్గ తేడా లేదు. సాయం ఆరు నెలలకే ఆగిపోయిందన్నది ఇక్కడ మరవకూడదు. దీన్నిబట్టి డబ్బు దండగ అనడం కూడా తొందరపాటే, నా దృష్టిలో.

‘మద్యం తాగిన రోజు హెచ్‌ఐవీ మాత్ర మానేయాలా?’ అని చాలామంది అడిగారు. వద్దు. మన ఏఆర్‌టీ కేంద్రాల్లో (హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రాల్లో) ఎక్కువమందికి ఇచ్చే టీఎల్‌డీ మాత్రను (మూడు హెచ్‌ఐవీ మందులు కలిపిన ఒకే మాత్రను) ఆ రోజు కూడా వేసుకోవాలి. రెండూ కలిస్తే విషమవుతుందన్న భయంతో మాత్ర ఆపేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది. లివర్ సమస్య గానీ, కామెర్లు గానీ ఉంటే తాగుడు సంగతి డాక్టరు దగ్గర దాచకండి.