రాత్రి రెండింటికి అక్కడ ఎంతమంది ఆయాలు ఉన్నారు?

పెద్దవాళ్లను హోమ్‌లో చేర్చే ముందు మనవాళ్లు ఏమేం చూస్తారో నాకు బాగా తెలుసు, నేనూ అవే చూశాను కాబట్టి. గేటు దగ్గర పూలమొక్కలు, లిఫ్టు, ఏసీ, చిన్న గుడి, వారానికోసారి వచ్చే డాక్టరు, మధ్యాహ్నం పప్పులో నెయ్యి వేస్తారా లేదా. గూగుల్‌లో 4.7 రేటింగ్. డల్లాస్‌లో ఉన్న కజిన్ వీడియో కాల్‌లోనే ఓకే అనేశాడు, అడ్వాన్స్ కట్టేశాం, మా పెద్దమ్మను సిటీ శివార్లలోని ఆ హోమ్‌లో దింపి వచ్చేశాం.

నాలుగో నెలలో ఆవిడ నడుము కింద, ఎముక పైకి తేలే చోట, రూపాయి బిళ్లంత పుండు.

మంచాన పడ్డవాళ్లకి వచ్చే ఇలాంటి పుండునే బెడ్‌సోర్ అంటారు. అది చాలావరకు లెక్కల వ్యవహారం. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని నర్సింగ్ చదివిన పిల్ల ఎవరైనా చెబుతుంది. తిప్పకపోతే ఒత్తిడి పడ్డ చోట రక్తం ఆడదు, చర్మం ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు, తర్వాత చిట్లుతుంది, ఇంకా వదిలేస్తే ఎముక దాకా వెళ్తుంది. ఇప్పుడు ఒక ఆయాకి పదిహేను మంచాలు ఇచ్చామనుకోండి. మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా ప్రతి రెండు గంటల్లో గంటంపావు తిప్పడానికే పోతుంది, అది కూడా ఒంటిచేత్తో తిప్పగలిగితే. డైపర్లు ఎప్పుడు మార్చాలి, నీళ్లు ఎవరు తాగించాలి, బాత్రూమ్‌కని లేచి పడబోయే తాతగారిని ఎవరు పట్టుకోవాలి?

ఆ వారం ఒక రాత్రి పెద్దమ్మ పక్కన కుర్చీలో కూర్చున్నాను. మంచం కాళ్ల వైపు ఒక చార్టు వేలాడుతోంది. ఎడమ, కుడి, వెల్లకిలా, టైము, సంతకం. అప్పుడు తొమ్మిదిన్నర. చార్టులో మాత్రం పొద్దున ఆరింటి దాకా టిక్కులు పడిపోయి ఉన్నాయి, అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు. అడిగితే ఆయా సిగ్గుపడింది కానీ అబద్ధమాడలేదు. "ఒక్కదాన్నే సార్, రెండు ఫ్లోర్లూ నేనే. పొద్దున మేడమ్ వచ్చేసరికి గళ్లు ఖాళీగా ఉండకూడదంటారు." గోడకి బెల్లు ఉంది, దాని తాడుని ఎవరో కిటికీ ఊచకి ముడేశారు. పెద్దమ్మ చెయ్యి చాచినా అందదు.

మరి ఆ 4.7 ఎక్కడిది? రివ్యూ రాసేది బిల్లు కట్టేవాళ్లు. మంచం మీద ఉన్నవాళ్లు ఎవరూ రాయరు. ఆదివారం పదకొండింటికి వచ్చి, స్నానం చేయించి పౌడర్ రాసి కూర్చోబెట్టిన అమ్మని చూసి, టీ తాగి, మనసు కుదుటపడి వెళ్లిపోయే కొడుకులూ కూతుళ్లూ ఇచ్చిన మార్కులవి. నిజం చెప్పాలంటే అవి మనకి మనం వేసుకున్న మార్కులు.

అమెరికా వాళ్లు ఈ పాఠం చాలా ఖర్చు పెట్టి నేర్చుకున్నారు. అక్కడి ప్రభుత్వం 2008లో నర్సింగ్ హోమ్‌లకు, అంటే పెద్దవాళ్లు ఉండే హోమ్‌లకు, ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. తనిఖీలు, సిబ్బంది, సంరక్షణ కొలతలు, ఈ మూడూ కలిపి రేటింగ్. తిరకాసు ఏంటంటే సిబ్బంది లెక్క చెప్పేది హోమ్ యజమానులే. మార్కులు వేసుకునే పెన్ను విద్యార్థి చేతికే ఇస్తే ఏమవుతుందో అదే అయింది. చివరికి 2016 నుంచి జీతాల రికార్డులు పంపించమన్నారు, 2018లో వాటిని నక్షత్రాలకు ముడిపెట్టారు, 2022లో శని ఆదివారాల్లో ఎంతమంది ఉంటున్నారు, ఏడాదిలో ఎంతమంది మానేస్తున్నారు అన్నవీ చేర్చారు. అంత పెద్ద వ్యవస్థ ఇన్నేళ్లు తిరిగి తిరిగి చేరింది జీతాల పుస్తకం దగ్గరికే. అక్కడా కథ సుఖాంతం కాలేదులెండి. ఒక్కో మనిషికి రోజుకు కనీసం 3.48 గంటల సంరక్షణ ఉండాలని 2024లో రూలు తెస్తే, యజమానుల సంఘం కోర్టుకెక్కింది, 2025లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. అదీ మా కజిన్ ఉండే టెక్సాస్‌లోనే.

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు చేసే చిన్న ఆస్పత్రి. దానికి చట్టం ఉంది, ఆంధ్రకి 2002 నాటిది, తెలంగాణ తీసుకున్నది కేంద్రం 2010లో తెచ్చినది. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి పడుకునే హోమ్ ఆస్పత్రీ కాదు, ఇల్లూ కాదు. 2007 నాటి తల్లిదండ్రుల చట్టం పేద వృద్ధుల కోసం జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి సరిపడా పెట్టవచ్చంది. డబ్బు తీసుకుని నడిపే హోమ్‌లకి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలని 2019 డిసెంబర్‌లో సవరణ బిల్లు వచ్చింది, స్టాండింగ్ కమిటీకి వెళ్లింది, 2024లో లోక్‌సభతో పాటే అదీ రద్దయింది. ఈలోగా ట్రస్టులు నడిపే వృద్ధాశ్రమాల్లో నెలకి మనిషికి 25 వేల దాకా ఫీజుకి జీఎస్టీ లేదని మాత్రం శుభ్రంగా రాసుకున్నాం. పన్ను ఎక్కడ మొదలవుతుందో తెలుసుకున్న ప్రభుత్వానికి పుండు ఎక్కడ మొదలవుతుందో పట్టలేదు.

రూల్స్ పెడితే చిన్న చిన్న ఆశ్రమాలు మూతపడతాయి, ఉన్న ఆసరా కూడా పోతుంది అంటారు నిర్వాహకులు. కొట్టిపారేసే మాట కాదు, అద్దె ఇంట్లో పది మందిని పెట్టుకుని సొంత డబ్బుతో నెట్టుకొస్తున్న వాళ్లు నిజంగానే ఉన్నారు. సరే, ఎన్ని మంచాలకి ఒక ఆయా ఉండాలన్న రేషియో ఇప్పుడే పెట్టకండి. రాత్రి డ్యూటీలో ఎందరున్నారో, ఎన్ని మంచాలున్నాయో గేటు దగ్గర బోర్డు మీద రోజూ రాయండి చాలు. సుద్దముక్కకి ఎంతవుతుంది?

రాయరు. రాస్తే ఆయాల సంఖ్య బయటపడుతుంది, దాని వెనకాలే జీతం బయటపడుతుంది. నాకు అసలు మండేది ఇక్కడే. ప్రతి హోమ్ బ్రోచర్‌లోనూ "మీ అమ్మని మా అమ్మలా చూసుకుంటాం" అని ఉంటుంది. తరతరాలుగా ఇళ్లలో మంచాన పడ్డ అత్తగారి గుడ్డలు మార్చింది కోడలు, మామగారికి గంజి తాగించింది కోడలు. ఎవరూ ఆవిడకి జీతం ఇవ్వలేదు. ఆ పని ఇప్పుడు బజారుకొచ్చినా దాని ధర మాత్రం ఇంట్లోదే, సున్నాకి కాస్త పైన. ఫిజియోథెరపిస్టు అరగంటకి తీసుకునేది ఇవ్వడానికి ఒప్పుకుంటాం, పన్నెండు గంటలు మలమూత్రాలు ఎత్తే మనిషికి మాత్రం ప్రేమ ఉండాలి అంటాం. ప్రేమ ఆవిడకి ఉంది, ఆ రాత్రి చూశాను. చార్టు దొంగదే, కానీ రెండింటికి వచ్చి "అమ్మమ్మా, ఒక్కసారి ఇటు తిరుగుదామా" అని నా సాయంతో తిప్పి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, పెదాలు తడిపి వెళ్లింది. ఆవిడకి లేనిది ఇంకో రెండు చేతులు.

కాబట్టి మీరు హోమ్ చూడ్డానికి వెళ్తే చెప్పకుండా రాత్రి పదింటికి వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే మీకు కావాల్సిన రేటింగ్ అక్కడే వచ్చేసినట్టు. రానిస్తే గుడి, గార్డెన్ వదిలేసి ఆయా దగ్గరికి వెళ్లి, ఇక్కడ ఎన్నాళ్లుగా చేస్తున్నావమ్మా, నీకు తోడు ఎవరున్నారు, జీతం టైముకి వస్తుందా అని అడగండి.

పెద్దమ్మని ఇంటికి తెచ్చుకున్నాక మిగిలిన డిపాజిట్ కోసం రెండు నెలలకి మళ్లీ వెళ్లాను. ఆ ఆయా లేదు. ఏదో మాల్‌లో హౌస్‌కీపింగ్‌కి వెళ్లిపోయిందట, రెండు వేలు ఎక్కువ ఇస్తున్నారట. ఆవిడ బదులు వచ్చిన అమ్మాయికి అది మూడో రోజు, ఏ మంచం ఎవరిదో కూడా ఇంకా తెలీదు.