గ్రాంటు ఆచూకీ చివరి పేరాలో

పరిశోధనకు డబ్బు కావాలంటే చాలామంది యువ శాస్త్రవేత్తలు ముందు గ్రాంటు ప్రకటనల వేటలో పడతారు. ప్రకటన కంటపడేసరికి గడువు ముంచుకొస్తుంది. తమ ఆలోచనను దాని కొలతలకు కత్తిరించి హడావిడిగా పంపేస్తారు. తిరస్కరణకు బీజం అక్కడే పడుతుంది.

అంతకన్నా మంచి దారి రోజూ చదివే పరిశోధన పత్రాల్లోనే ఉంది. పత్రం చివరికి వెళ్లండి. కృతజ్ఞతల కింద డబ్బిచ్చిన సంస్థ పేరు, గ్రాంటు నంబరు కనిపిస్తాయి. అది అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్‌ఐహెచ్) గ్రాంటైతే ఆ నంబరును వారి ‘రిపోర్టర్’ డేటాబేస్‌లో వెతకండి. ప్రాజెక్టు సారాంశం, ఏ ఏడాది ఎంత ఇచ్చారు, ఏ విభాగం ఇచ్చింది, అన్నీ ఉచితంగా దొరుకుతాయి. యూరోపియన్ యూనియన్ ప్రాజెక్టులకు ‘కార్డిస్’ ఉంది. మీ అంశానికి దగ్గరగా ఉన్న పది పత్రాలను ఇలా తిరగేస్తే, ఆ సమస్యపై ఎవరు నిజంగా ఖర్చు పెడుతున్నారో తేలిపోతుంది. పేరున్న ప్రయోగశాలల్లో ఈ సంగతులు గైడు నోటి నుంచే అందుతాయి. ఆ అదృష్టం లేనివారికి ఈ బహిరంగ రికార్డులే దిక్కు. అందుకే నిధులిచ్చే ప్రతి సంస్థా వీటిని తెరిచి పెట్టాలని గట్టిగా కోరుకుంటాను.

అవార్డుల దారి వేరు. అవి జరిగిన పనికి దక్కేవి. నోబెల్ సహా కొన్నింటికి మనంతట మనం దరఖాస్తు చేసుకోలేం, ఇతరులు ప్రతిపాదించాలి.

గురి తప్పిన దరఖాస్తుకు మూల్యం చిన్నది కాదు. 2012లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి ప్రధాన పథకానికి 3,727 ప్రతిపాదనలు వెళ్లాయి. వాటి తయారీకి పట్టిన కాలం మొత్తం సుమారు 550 పని సంవత్సరాలని పరిశోధకులు అంచనా వేశారు. ఆమోదం దక్కింది 20.5 శాతానికే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. నెదర్లాండ్స్ గ్రాంట్లపై 2018లో ఒక అధ్యయనం వెలువడింది. కటాఫ్‌కు కాస్త పైన నిలిచినవారికి, కాస్త కింద ఆగినవారికి సమీక్షలో వచ్చిన మార్కుల్లో తేడా అంతంతమాత్రమే. అయినా తర్వాతి 8 ఏళ్లలో మొదటివారికి రెండింతలకు పైగా నిధులు అందాయి. ఓడినవారు మళ్లీ దరఖాస్తు చేయడం తగ్గించేయడమూ ఇందుకు ఒక కారణం. వారి చేతిలో సమీక్షకుల వ్యాఖ్యలు ఉంటే, సగం పని అయిపోయినట్టే. ఎన్‌ఐహెచ్‌లో తిరస్కరణ తర్వాత సవరించిన దరఖాస్తు పంపడానికి 37 నెలల వ్యవధి ఉంటుంది. సమీక్షకుల అభ్యంతరాలకు జవాబు చెప్పుకోవడానికి అందులో విడిగా ఒక పేజీ ఇస్తారు.