మా బావగారి హార్స్ పవర్

మా బావగారికి తెలియని విషయం ఉండదు. ఉన్నా ఒప్పుకోరు. మేనకోడలు ఫిజిక్స్ పుస్తకం ముందేసుకుని పవర్‌కీ ఎనర్జీకీ తేడా ఏమిటని అడగడమే ఆలస్యం, పేపరు పక్కన పడేసి, "రెండూ ఒకటేనే తల్లీ! పుస్తకం లావుగా కనిపించాలని రెండు పేర్లు పెట్టారంతే" అని తేల్చేశారు.

"కాదు నాన్నా. మెట్లు మెల్లగా ఎక్కినా, పరిగెత్తి ఎక్కినా ఎనర్జీ ఒకటే. ఎంత త్వరగా ఎక్కామన్నదే పవర్."

"పరిగెత్తినా ఒకటేనా? మరి ఆయాసం ఊరికే వస్తుందా? ఉండు, చూపిస్తా" అని లేచారు.

మేడమెట్లు ఇరవై. ఒక్కోటి 15 సెంటీమీటర్లు, మొత్తం ఎత్తు 3 మీటర్లు. బరువు 80 కిలోలని ఆయనే ప్రకటించారు. వంటింట్లోంచి అక్క దగ్గింది. గురుత్వ త్వరణం లెక్కకి సులువుగా 10 అనుకున్నాం. మూడూ గుణిస్తే పైకెక్కడానికి కావాల్సిన ఎనర్జీ, 2400 జూల్స్. స్టాప్‌వాచ్ నా చేతికిచ్చారు. బావమరుదులు ఉండేది ఇలాంటి పనులకే.

మొదటిసారి ఫోన్లో మాట్లాడుతూ నింపాదిగా ఎక్కారు. 40 సెకన్లు. జూల్స్‌ని సెకన్లతో భాగిస్తే పవర్, అంటే 60 వాట్లు. పాతకాలం బల్బుకి సరిపోయేంత.

రెండోసారి పరుగు. 6 సెకన్లు! పైమెట్టు మీద కూలబడి, మాట రాక, 'ఇప్పుడు చెప్పవే' అన్నట్టు చేయి ఊపారు.

"ఇప్పుడూ 2400 జూల్సే నాన్నా. పవర్ మాత్రం 400 వాట్లు."

"మరి... ఈ చెమట?"

కండరాలు ఖర్చుపెట్టేదాంట్లో సుమారు నాలుగో వంతే పనిగా మారుతుందనీ, మిగతాది వేడిగా పోతుందనీ, ఒంట్లో జరిగే ఆ దుబారా మన లెక్కలోకి రాదనీ పిల్ల ఓపిగ్గా చెప్పింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. గుర్రాలు చేసే పనితో ఆవిరి యంత్రాల్ని పోల్చడానికి జేమ్స్ వాట్ హార్స్ పవర్ లెక్క పెట్టాడనీ, అది 746 వాట్లనీ కూడా చదివి వినిపించింది.

బావగారి కళ్ళు మెరిశాయి. "అంటే నేను ఎన్ని సెకన్లలో ఎక్కాలి?"

"3.2."

"రాసుకో!"

పన్నెండో మెట్టు దాకా నిజంగా గుర్రమే. పదమూడో మెట్టు మీద చెప్పు జారింది. 1.8 మీటర్ల ఎత్తు, 1440 జూల్స్, అన్నీ కలిసి వెనక్కి వచ్చాయి. ఎనర్జీ ఎక్కడికీ పోదంటారు కదా, కొంత మెట్ల రాపిడికీ, కొంత చప్పుడుకీ, కొంత కింద ఉన్న ప్లాస్టిక్ బకెట్టుకీ పోయింది. బకెట్టు రెండు ముక్కలైంది. బావగారు ఒక్క ముక్కగానే ఉన్నారు కానీ నడుము పట్టేసింది.

"ఏమండీ, పిల్లకి పాఠం చెప్పమంటే ఈ సర్కస్ ఏమిటండీ?" అంటూ అక్క హీటింగ్ ప్యాడ్ తెచ్చి నడుము కింద పెట్టింది. బావగారు బోర్లా తిరిగి మరీ దాని మీది అక్షరాలు చదివారు. "60 వాట్లే! నేను మెల్లగా ఎక్కినప్పటి పవరే కదే ఇది!"

"పవర్ అంతే నాన్నా. కానీ నువ్వు 40 సెకన్లలో ఆగిపోయావు. ఇది గంటసేపు పనిచేస్తే 2,16,000 జూల్స్. అన్ని జూల్స్ కావాలంటే నువ్వు మెట్లు 90 సార్లు ఎక్కాలి."

"తొంభైయా! కరెంటు బిల్లులో ఎంత పడుతుంది?"

"ఎంతో పడదు, 0.06 యూనిట్. ఒక యూనిట్ అంటే 36 లక్షల జూల్స్. నీ లెక్కలో 1500 సార్లు ఎక్కడం."

బావగారు కాసేపు పైకప్పు కేసి చూశారు. తర్వాత ఒక చేత్తో నడుమూ, ఇంకో చేత్తో గోడా పట్టుకుని మెల్లగా లేచి, ఎవరూ లేని హాల్లో తిరుగుతున్న ఫ్యాను ఆపేసి వచ్చి పడుకున్నారు.