కక్కొచ్చినా కల్యాణమొచ్చినా... ఫారం నింపాకే!

కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదని మన పెద్దవాళ్లు ఎప్పుడో తేల్చేశారు. పాపం, వాళ్లు విహారనౌక ఎక్కలేదు. ఎక్కి ఉంటే రెండూ ఆగుతాయని తెలిసేది. ఓడలో పెళ్లికి నెలల ముందే బుక్ చేసుకోవాలి. కక్కుకోవడానికి ఇంకాస్త ఎక్కువ ముందుచూపే కావాలి. ఏ రోజున, ఏ రేవుకు ఎంత దూరంలో, ఎవరి సంతకం సాక్షిగా అన్నవి చూసుకోకుండా తొందరపడి జబ్బుపడేవాళ్లను బీమా కంపెనీలు క్షమించవు. అందుకే బాధ్యత గల ప్రయాణికుడు ఎలా జబ్బుపడాలో నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

ముందు జబ్బంటే ఏమిటో తెలియాలి. దాన్ని నిర్ణయించేది మీ పొట్ట కాదు. అమెరికా రేవులకు వచ్చే నౌకల కోసం ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఒక కొలత పెట్టింది. 24 గంటల్లో 3 గానీ అంతకు మించి గానీ నీళ్ల విరేచనాలు కావాలి. వాంతయితే దానికి జ్వరమో, కడుపునొప్పో, తలనొప్పో మరొకటి తోడు రావాలి. ఒంటరి వాంతికి గుర్తింపు లేదు. విరేచనాల విషయంలో మాత్రం కాస్త ఉదారంగా ఉన్నారు. 3 దాకా పోకపోయినా, ఆ మనిషికి మామూలుగా అయ్యేదాని కంటే ఎక్కువైతే చాలట. ఈ 'మామూలు' ఎంతో ఎవరి దగ్గర రాసిపెట్టి ఉంటుంది? పాతికేళ్లు కాపురం చేసిన ఇల్లాలు కూడా ప్రమాణం చేసి చెప్పలేని లెక్క ఇది.

ఇలా లెక్కకెక్కినవాళ్లు ప్రయాణికుల్లో గానీ సిబ్బందిలో గానీ 3 శాతానికి చేరితే, ఆ ఓడ పేరు సీడీసీ అందరికీ కనిపించేలా జాబితాలో పెడుతుంది. 3,000 మంది ప్రయాణికులుంటే 90 మందన్నమాట. 89 దాకా ఎవరి కడుపు వాళ్ల సొంత వ్యవహారం. 90వ మనిషి మాత్రం ప్రజాజీవితంలోకి అడుగుపెట్టినట్టే. అతన్ని తలుచుకుంటే నాకు జాలేస్తుంది. రాత్రి రెండింటికి బాత్రూములో చెమటలు కక్కుతూ కూర్చున్నవాడికి తన నంబరెంతో ఎలా తెలుస్తుంది?

ఇక ఓడెక్కే రోజు. అక్కడ అందరి చేతికీ ఒక ఫారం ఇస్తారు, ఈమధ్య ఫోన్లోనే నింపమంటున్నారు. గత రెండు మూడు రోజుల్లో మీకు వాంతులు, విరేచనాలు, జ్వరం ఏమైనా ఉన్నాయా అన్నది ప్రశ్న. ఈ ప్రశ్న ఎవరిని, ఎప్పుడు అడుగుతున్నారో గమనించండి. ఏడాది ముందు టికెట్టు కొన్నవాడిని, డబ్బు వెనక్కిచ్చే గడువు దాటిపోయాక, విమానం దిగి, ఆరు పెట్టెలు, ఇద్దరు పిల్లలు, అత్తగారితో సహా వరసలో నిలబడ్డాక, ఎదురుగా ఓడ తెల్లగా మెరిసిపోతూ కనిపిస్తుండగా అడుగుతున్నారు. అంత ఆరోగ్యవంతమైన జనాన్ని నేను జీవితంలో మరెక్కడా చూడలేదు. నా ముందున్న కుటుంబంలో చిన్నవాడి మొహం లేత ఆకుపచ్చగా తిరిగి ఉంది. వాళ్లమ్మ వాడి మూతి తుడిచి, చున్నీతో కప్పి, 'నవ్వరా' అంది. వాడు నవ్వాడు. వాళ్ల నాన్న 'లేదు' మీద వేలు పెట్టాడు.

ఆయన్ని నేను తప్పుపట్టను. 'అవును' అంటే ఏమవుతుంది? పక్కకు పిలుస్తారు, నర్సు చూస్తుంది, ఎక్కనివ్వకపోయినా పోవచ్చు. అప్పుడు బీమా వాళ్లకు ఫోన్ చేస్తే, ప్రయాణానికి పనికిరారని డాక్టరు రాసిచ్చాడా అని అడుగుతారు. అసలు ఈ పిల్లాడికి గత 60 నుంచి 180 రోజుల్లో కడుపునొప్పి చరిత్ర ఉందా అంటారు (పాలసీని బట్టి ఎంత వెనక్కి తవ్వాలో మారుతుంది). 'అవును' ఖరీదు మొత్తం యాత్ర. 'లేదు' ఖరీదు ఒక వేలిముద్ర. ఇంత స్పష్టంగా ధర వేసి పెట్టాక కూడా జనం నిజం చెప్పడం లేదని ఓడ కంపెనీలు వాపోతుంటాయి.

ఈ తగువు ఇవాళ్టిది కాదు. మనకు దొరికిన వాటిలో పాత సముద్ర బీమా పత్రం 1347 నాటిది, జెనోవాలో రాసింది. అదే ఏడాది ఓడలెక్కి ప్లేగు మహమ్మారి ఇటలీ రేవుల్లో దిగింది. ముప్పై ఏళ్లకు, 1377లో, ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా (ఇప్పటి డుబ్రోవ్నిక్) తెగులు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లు ఊళ్లోకి రాకముందు 30 రోజులు దూరంగా ఉండాలని శాసనం చేసింది. తర్వాత అది 40 రోజులై, ఇటాలియన్‌లో నలభైకున్న మాట నుంచే క్వారంటైన్ అనే పేరొచ్చింది. అంటే బీమా, క్వారంటైన్ ఒకే సముద్రపు గాలి పీల్చి, ఒకే తరంలో పుట్టి పెరిగిన అన్నదమ్ములు. ఏ పొలంగట్టు దగ్గర చెడిందో గానీ, ఆరున్నర శతాబ్దాలుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు. అన్న బీమా సరుకుకు పుట్టాడు, తమ్ముడు మనిషిని ఆపడానికి పుట్టాడు. ఆపేసిన మనిషికి డబ్బెవరివ్వాలనే మాట వచ్చిన ప్రతిసారీ ఇద్దరూ చెరోవైపు చూస్తారు.

జెండా సంగతి ఇంకా బాగుంటుంది. ఒకప్పుడు ఓడ మీద పసుపు జెండా ఎగిరితే లోపల రోగముంది, దగ్గరికి రావద్దని అర్థం. ఇప్పటి అంతర్జాతీయ సంకేతాల్లో అదే పసుపు జెండాకు 'నా ఓడ ఆరోగ్యంగా ఉంది, రేవులోకి రానివ్వండి' అని అర్థం. ఫారం మీద 'లేదు' నొక్కిన నాన్నగారి తెలివికి ఇంత ఘనమైన వారసత్వం ఉంది.

పాలసీ పత్రం దగ్గరికొద్దాం. నేనొక రాత్రంతా కూర్చుని చదివాను. అందులో 'జబ్బు', 'క్వారంటైన్', 'ఐసొలేషన్', 'గది నిర్బంధం' నాలుగూ నాలుగు వేర్వేరు ప్రాణులు. ఒకదానికి పెట్టిన మేత ఇంకొకటి తినరాదు. కొన్ని పాలసీల్లో గది నిర్బంధానికి రోజుకింత అని ఇస్తారు. అయితే ఓడ డాక్టరు మిమ్మల్ని గదిలో ఉంచినట్టు కాగితం ఉండాలి, ప్రతి పూర్తి 24 గంటలకే లెక్క. కాబట్టి 23 గంటల 50 నిమిషాలకు కోలుకోవడం ఆర్థికంగా తెలివితక్కువ పని. నలుగురికీ అంటుకోకూడదని మీ అంతట మీరే తలుపేసుకుని కూర్చున్నారనుకోండి, దానికి పైసా రాదు. మంచితనానికి ప్రీమియం ఎలా కట్టాలో ఎవరూ ఇంకా కనిపెట్టలేదు మరి.

ఆ కాగితం కోసం డాక్టరు దగ్గరికి వెళితే ఆ ఫీజు మీ ఓడ ఖాతాలో పడుతుంది, పైన తాగిన జ్యూసుల పక్కనే. ఇంటి దగ్గరి ఆరోగ్య బీమా అక్కడ పనిచేయకపోవడం మామూలే. అమెరికాలో 65 దాటినవాళ్లకుండే మెడికేర్ అయితే, ఓడ ఆ దేశపు రేవులో గానీ రేవుకు 6 గంటల లోపు దూరంలో గానీ ఉండాలంటుంది. ఏడో గంటలో గుండెనొప్పి వచ్చిన పెద్దాయన ఏం చేయాలి? ఓడను కాస్త వెనక్కి తిప్పమని కెప్టెన్‌ను బతిమాలుకోవాలి.

నా మిత్రుడొకడికి నిజాయితీ ఉంది. చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బే. ఓడెక్కిన మూడో రాత్రి కడుపులో తిప్పింది. తెల్లారగానే తనే ఫోన్ చేసి చెప్పాడు. నర్సు వచ్చి చూసి, లక్షణాలు ఆగాక ఇంకో 48 గంటలు గడిచేదాకా గది దాటొద్దంది. అది కిటికీ లేని గది. టీవీలో ఒక చానెల్లో ఓడ ఎక్కడుందో చూపే మ్యాపు వస్తుంది, నీలం రంగు మీద చిన్న బాణం గుర్తు. అతను ఏ దీవి చూడటానికి అంత డబ్బు పోశాడో, మర్నాడు ఆ బాణం ఆ దీవిని తాకింది. ఎనిమిది గంటలు అక్కడే నిలబడింది. వదిలి వెళ్లిపోయింది. అతను మంచం మీద పడుకుని అంతా చూశాడు. బయటి ప్రపంచమంటే మూడు పూటలా గుమ్మం దగ్గర ట్రే పెట్టి, తలుపు తట్టి, తెరిచేలోగా దూరమైపోయే బూట్ల చప్పుడు. వాళ్లావిడకు ఏమీ లేదు. కానీ గది ఒకటే కదా, ముందుజాగ్రత్తగా ఆమెనూ ఉండమన్నారు.

ఇంటికొచ్చి క్లెయిము పెట్టాడు. ఎన్నో మెయిళ్ల తర్వాత జవాబొచ్చింది. ఓడ వైద్యకేంద్రం ఇచ్చిన కాగితంలో 'గదిలో ఉండవలసిందిగా సలహా ఇవ్వడమైనది' అని ఉందట. పాలసీకి కావలసింది 'ఆదేశించడమైనది'. సలహాను తమరు ఇష్టపూర్వకంగా పాటించారు కనుక ఇది నిర్బంధం కిందికి రాదన్నారు. వాళ్లావిడ కేసు ఇంకా తేలిగ్గా తేలింది. ఆమెకు జబ్బే లేదు, కాబట్టి వైద్య కారణం లేదు. బ్రోచరు దేవుడు వరమిచ్చినా చిన్న అక్షరాల పూజారి ఇవ్వలేదు. ఫోన్లో మాట్లాడిన అమ్మాయి మాత్రం ఎంతో మర్యాదగా, 'మీరు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం సార్' అంది. అప్పటికి అతను కోలుకుని రెండు నెలలైంది. తిట్టడానికి కుదరక, మెచ్చుకోవడానికి నోరు రాక, కక్కలేక మింగలేక ఫోన్ పెట్టేశాడు.

ఓడల్లో ఇలా ఎక్కువగా కడుపులు పట్టుకునేది నోరోవైరస్. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నార్వాక్ అనే ఊరి బడిలో సగం మంది పిల్లలను పడగొట్టి, ఆ ఊరి పేరే పెట్టుకుంది. వంద కణాలు లోపలికి పోకముందే పని మొదలుపెట్టగలదు. దాన్ని కడిగేయడానికి సబ్బూ నీళ్లూ కావాలి. ఆల్కహాల్ జెల్ దానిమీద అంతంతమాత్రమే పనిచేస్తుంది. అందుకని ఓడలో ఎటు తిరిగినా, బఫే ముందు, లిఫ్టు ముందు, నాటకశాల ముందు, చక్కటి జెల్ సీసాలు పెట్టి ఉంటాయి.

2020లో ఈ అన్నదమ్ముల తగువు ప్రపంచమంతా చూసింది. ఫిబ్రవరిలో డైమండ్ ప్రిన్సెస్ ఓడను జపాన్‌లోని యోకొహామా దగ్గర ఆపేశారు. లోపల 3,711 మంది ఉంటే, చివరికి 712 మందికి కోవిడ్ తేలింది. ప్రయాణికులను గదుల్లో ఉంచారు. సిబ్బందిని? వెయ్యి మందికి పైగా ఉన్న వాళ్లు కింది అంతస్తుల్లో ఇరుకు గదులు పంచుకుంటూ, పైన అందరికీ ట్రేలు మోశారు. ట్రే తెచ్చేవాణ్ని గదిలో పెడితే ట్రే ఎవరు తేవాలనే ప్రశ్నకు అక్కడ జవాబు దొరకలేదు. వాళ్ల కోసం రంగుల బ్రోచరు వేసిన కంపెనీ కూడా నాకు కనిపించలేదు.

అదే నెలలో వెస్టర్‌డామ్ అనే ఓడను ఫిలిప్పీన్స్, తైవాన్, జపాన్, గువామ్, థాయిలాండ్ వద్దు పొమ్మన్నాయి. చివరికి 13వ తేదీన కంబోడియా రానిచ్చింది. అందులో రోగమే లేదని తర్వాత తేలింది. ఇక ఆ ఓడలోవాళ్లు పాలసీ తిప్పి చూసుకుంటే ఏముంటుంది? జబ్బు లేదు, క్వారంటైన్ ఉత్తర్వు లేదు, ఓడ మునగలేదు. రేవు తప్పినందుకు కొన్ని పాలసీలిచ్చే చిల్లర ఉంటుంది, అంతే. ఇంకోవైపు చాలా కంపెనీలు జనవరి చివరినాటికే కోవిడ్‌ను 'తెలిసిన ఘటన'గా ప్రకటించేశాయి. అంటే ఆ తర్వాత పాలసీ కొన్నవాడు తెలిసే కొన్నాడని. ప్రభుత్వాలకు తెలియనిది, ఓడ కెప్టెన్లకు తెలియనిది, టికెట్టు కొన్న మనిషికి తెలిసిపోయిందన్నమాట. భయమేసి మానుకుంటే? భయానికి బీమా లేదు.

ఉందంటారు కొందరు. 'ఏ కారణానికైనా రద్దు' అని ఒకటి అమ్ముతారు. మొదటి వాయిదా కట్టిన రెండు మూడు వారాల్లోపే దాన్ని కొనాలి, యాత్ర ఖర్చు మొత్తానికీ కొనాలి, బయల్దేరడానికి 48 గంటల ముందే రద్దు చేయాలి. ఇవన్నీ చేస్తే సగం నుంచి ముప్పాతిక వంతు వెనక్కొస్తుంది. ఏ కారణానికైనా అన్నారే గానీ ఏ సమయంలోనైనా అనలేదు కదా. నా అనుభవంలో కడుపు 47వ గంటలోనే తిరుగుతుంది.

మొన్నీమధ్య మేం రెండు కుటుంబాలవాళ్లం మళ్లీ ఓడెక్కాం. మిత్రుడు, వాళ్లావిడ మా ముందే వరసలో ఉన్నారు. అతను ముందు రోజు రాత్రి అన్నం ముట్టలేదు. పొద్దున్నుంచి నిమ్మకాయ వాసన చూస్తున్నాడు. ఫారం తెరిచి, అద్దాలు పైకి జరిపి, చాలాసేపు చూశాడు. 'ఏం పెట్టమంటావు?' అంది వాళ్లావిడ. అతని వేలు ఎటు పోయిందో నేను చూడలేదు. చూస్తే చెప్పాల్సి వస్తుంది, పైగా మాది పక్క గదే.

నేను తిన్నగా గుమ్మం దగ్గర యూనిఫాంలో నిలబడ్డ అబ్బాయి దగ్గరికి వెళ్లి, చేతులు కడుక్కోవడానికి సబ్బెక్కడుందని అడిగాను. అతను ఎంతో వినయంగా నవ్వి, 'జెల్ ఉంది సార్' అని నా అరచేతిలో రెండు చుక్కలు వేశాడు.