గెలిచేదాకా సంతోషాన్ని వాయిదా వేయాలా?

2014 జులైలో టర్కీ ఉప ప్రధాని బులెంట్ అరించ్ ఆడవాళ్లు నలుగురిలో గట్టిగా నవ్వకూడదని సెలవిచ్చాడు. ఆ మాట బయటికొచ్చిందో లేదో, అక్కడి స్త్రీలు పగలబడి నవ్వుతున్న తమ ఫొటోలను వేల సంఖ్యలో ట్విటర్‌లో పెట్టారు. రెండు రోజుల సరదా వార్తగా చదివి మరిచిపోయినవాళ్లే ఎక్కువ. కానీ స్త్రీ నవ్వు అదుపులో ఉండాలని అధికారంలో ఉన్నవాళ్లు కోరుకుంటున్నారంటే, ఆ నవ్వుకు వాళ్లని కలవరపెట్టే బలమేదో ఉన్నట్టే కదా. మరి స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనమే దాన్ని అనుమానంగా చూడటం ఎందుకు?

చూస్తున్నామన్నది నిజం. జెండర్ న్యాయం కోసం పనిచేసే చోట ముఖం గంభీరంగా ఉంటేనే నిబద్ధత ఉన్నట్టు లెక్క. ఎవరైనా కాస్త సరదాగా కనిపిస్తే ‘ఇంత ఘోరం జరుగుతుంటే మీకు నవ్వెలా వస్తోంది?’ అన్న ప్రశ్న బయటివాళ్లకంటే ముందు తోటివాళ్ల నుంచే వస్తుంది. ఆ ప్రశ్న వెనక నిజమైన బాధే ఉంది, కాదనను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రతి ముగ్గురు స్త్రీలలో దాదాపు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసకో లైంగిక హింసకో గురవుతున్నారు.

హెల్ప్‌లైన్‌లో కూర్చునే కౌన్సెలర్‌కి ఆ అంకె ఒక గొంతుగా వినిపిస్తుంది. ఫోన్ చేసిన ఆమె మాట సగంలో ఉండగా తలుపు తీసిన చప్పుడు, ‘రాంగ్ నంబరండీ’ అన్న మాట, కాల్ కట్. తిరిగి చేస్తే ఆమె ప్రాణం మీదికి రావచ్చు. చేయకపోతే ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు. రిజిస్టర్‌లో రెండు వాక్యాలు రాసుకుని మోగుతున్న ఇంకో ఫోన్ ఎత్తాలి. డ్యూటీ దిగి ఇంటికెళ్లినా చెవిలో ఆ మొదటి గొంతే తిరుగుతుంటుంది. నెలల తరబడి ఇవే వింటే నిద్ర పట్టదు, ఎవరినీ నమ్మబుద్ధి కాదు. చివరికి ఎంత దారుణం విన్నా మనసు కదలని దశ వస్తుంది. అక్కడిదాకా వెళ్లిన మనిషి ఇంకొకరికి ధైర్యం ఎలా చెప్పగలదు? అందుకే సంతోషం అన్నది తీరిక ఉన్నవాళ్ల వ్యవహారమంటే నేను ఒప్పుకోను. ఈ పనికి గొంతు ఎంత అవసరమో సంతోషమూ అంతే అవసరం.

సంతోషంలాగే ఆశ కూడా ఈ పనికి కావాలి. దాన్ని కుంగదీసేవాటిలో ఒకటి మనమే తరచూ చెప్పుకునే అంకె. ప్రపంచ ఆర్థిక వేదిక ఏటా జెండర్ అంతరాలపై నివేదిక ఇస్తుంది. సంపూర్ణ సమానత్వానికి ఇంకా 134 ఏళ్లు పడుతుందని 2024లో చెప్పింది, 2025లో 123 ఏళ్లంది. ఈ లెక్క విన్న ఏ యువతికైనా, నేను బతికుండగా జరగని దానికోసం నేనెందుకు అరిగిపోవాలి అనిపించడం సహజం. అయితే ఈ లెక్క కట్టే తీరు చూడండి. ఇప్పటిదాకా మార్పు ఏ వేగంతో వచ్చిందో, ఇకముందూ అదే వేగంతో వస్తుందనుకుని వేసిన అంచనా ఇది. 2020 నివేదికలో 99.5 ఏళ్లున్నది కోవిడ్ దెబ్బకి మరుసటి ఏడాదే 135.6 అయింది. ఒక్క ఏడాదిలో 36 ఏళ్లు పెరగగలిగిన అంకె తగ్గనూ గలదు. జనం కదిలి ఆ వేగాన్నే మార్చేస్తే ఏమవుతుందో ఈ లెక్కకు తెలియదు.

ఏమవుతుందో ఐస్‌లాండ్ చూపించింది. 1975 అక్టోబరు 24న ఆ దేశంలో దాదాపు 90 శాతం మంది స్త్రీలు ఆఫీసు పని, ఇంటి పని, పిల్లల పని అన్నీ వదిలి బయటికొచ్చేశారు. సమ్మె అంటే కొందరు వెనకాడతారని ‘సెలవు దినం’ అన్నారు. చేపల ఫ్యాక్టరీలు, బడులు, దుకాణాలు మూతపడ్డాయి. బ్యాంకుల్లో పెద్ద అధికారులే కౌంటర్లలో కూర్చున్నారు. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకెళ్లారు. రేడియోలో వార్తలు చదువుతుంటే వెనక పిల్లలు ఆడుకుంటున్న సందడి దేశమంతా వినిపించింది. రేక్యవిక్ కూడలిలో పాతిక వేల మంది పాటలు పాడుతూ, ఉపన్యాసాలు వింటూ గడిపారు. మరుసటి ఏడాది సమానత్వ చట్టం వచ్చింది. అయిదేళ్లకు, విడాకులు తీసుకుని ఒంటరిగా బిడ్డను పెంచుకుంటున్న విగ్దిస్ ఫిన్‌బొగదొత్తిర్ ప్రజల ఓటుతో దేశాధ్యక్షురాలైంది. 1983లో పార్లమెంటులో స్త్రీల వాటా 5 శాతం నుంచి ఒక్కసారిగా 15 శాతానికి పెరిగింది. 1974లో ఎవరైనా అప్పటి వేగంతో లెక్క వేసి ఉంటే ఇవేవీ అందులో కనిపించేవి కావు.

ఆ రోజు జనం ఆక్రోశంతోనే వచ్చారు, జీతాల్లో తేడా మీద కోపంతోనే వచ్చారు. ఉత్సవంలా ఉండబట్టి మాత్రం రాజకీయాలంటే ఆమడ దూరం ఉండేవాళ్లు కూడా వచ్చారు. ఒట్టి కోపం మీద నడిచే ఉద్యమం కోపాన్ని భరించగలిగిన కొద్దిమందికే పరిమితమవుతుందని నా అభిప్రాయం. మిగతావాళ్లు రావాలంటే అక్కడ వాళ్లకి స్నేహం దొరకాలి.

గెలుపు కథలే ఏరుకుని చెబుతున్నానని ఎవరైనా అనొచ్చు. సరే, ఓడిన రాత్రి సంగతే చూద్దాం. 2018 ఆగస్టులో అర్జెంటీనా సెనేట్ అబార్షన్‌ను చట్టబద్ధం చేసే బిల్లును 38–31 ఓట్లతో తిప్పికొట్టింది. బయట చలిలో, వానలో గంటల తరబడి నిలబడ్డ వేలాది మంది ఏడ్చారు. అయినా ‘చట్టం అయి తీరుతుంది’ అన్న నినాదం ఆపలేదు. ఉద్యమానికి గుర్తుగా మెడలో కట్టుకున్న ఆకుపచ్చ రుమాళ్లు విప్పలేదు. అప్పటికే అమ్మాయిలు వాటిని బడి సంచులకు కట్టుకుని తిరుగుతున్నారు. సైనిక ప్రభుత్వం మాయం చేసిన తమ పిల్లల కోసం 1977 నుంచి కూడలిలో తిరిగిన తల్లుల తెల్ల రుమాళ్లను చూసి నేర్చుకున్న గుర్తు అది. 1986 నుంచి ఆ దేశంలో స్త్రీల జాతీయ సమావేశాలు జరుగుతున్నాయి. చర్చలు, ఊరేగింపు, ఆటపాటలు అన్నీ ఉంటాయి. ఏళ్ల తరబడి అలా కలుసుకున్నవాళ్లకి ఓటమిని ఎవరితో పంచుకోవాలో తెలుసు. 2020 డిసెంబరు 30న అదే సెనేట్ 38–29తో చట్టాన్ని ఆమోదించింది.

ఆశ అంటే అంతా మంచే జరుగుతుందన్న హామీ మాత్రం కాదు. అమెరికాలో దాదాపు యాభై ఏళ్లున్న అబార్షన్ హక్కును 2022లో సుప్రీంకోర్టు తీసేసింది. అఫ్గానిస్తాన్‌లో 2021 నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు. అక్కడివాళ్లకి ‘ఆశ వదులుకోకండి’ అని దూరం నుంచి చెప్పే అర్హత నాకు లేదు. వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది. 1990లలో తాలిబన్ల తొలి పాలనలో హెరాత్ నగరంలోని కొందరు స్త్రీలు కుట్టుపని నేర్చుకునే నెపంతో ఒక ఇంటికి వెళ్లేవారు. సంచిలో పైన గుడ్డముక్కలు, కత్తెర. అడుగున నోటు పుస్తకాలు. బయట ఆడుకుంటున్న పిల్లలు కాపలా. ఎవరైనా వస్తున్నారని తెలియగానే పుస్తకాలు లోపలికి, కుట్టుబట్ట చేతికి. ప్రాణాలకు తెగించి వాళ్లు చదివింది చట్టాలు కాదు, కవిత్వం, కథలు. బతకడానికి ఏం కావాలో ఎవరూ చెప్పకుండానే వాళ్లకి తెలుసు.

ఇక మన సంస్థల సంగతి. కార్యకర్త అలసిపోతే ‘నిన్ను నువ్వు చూసుకో’ అని సలహా ఇస్తారు, సెలవు ఇవ్వరు. పక్కవాళ్ల హక్కుల కోసం పోరాడే చోటే రాత్రి డ్యూటీలకి లెక్కాపత్రం ఉండదు. ఆశను మనిషి సొంత మనోబలానికి వదిలేయడం అన్యాయం. అది సంస్థ బాధ్యత. హెల్ప్‌లైన్‌లో వంతులవారీ డ్యూటీలు పెట్టాలి. విన్నది దింపుకోవడానికి ఇంకో కౌన్సెలర్ అందుబాటులో ఉండాలి. వారానికోసారి జరిగే మీటింగులో పెండింగ్ కేసులతోపాటు ఆ వారం ఎవరికి ఏం మేలు జరిగిందో కూడా చెప్పుకోవాలి. ఒకామెకు రక్షణ ఉత్తర్వు వచ్చింది, ఇంకొకామె మళ్లీ ఉద్యోగంలో చేరింది. ఇవి నివేదికల్లోకి ఎక్కేంత పెద్దవి కాకపోవచ్చు, కానీ ఎవరు చేశారో వాళ్ల చెవిన పడాలి. నిధులిచ్చే దాతలు శిక్షణకీ ప్రచారానికీ పద్దులు అడుగుతారు. కార్యకర్తల విశ్రాంతికీ, కలిసి గడిపే రోజులకీ ఒక పద్దు రాసి పంపండి. కొట్టేస్తే కారణమేమిటో రాతపూర్వకంగా చెప్పమనండి, మరుసటి ఏడాది మళ్లీ రాయండి.